చేనేత సంఘాల ఆన్‌లైన్ దుకాణం: వేదిక ఎంపికలో కమీషన్ ఒక్కటే కొలమానం కాదు

చేనేత సహకార సంఘాలు తమ ఉత్పత్తులను ఇంటర్నెట్ ద్వారా నేరుగా వినియోగదారునికి విక్రయించేందుకు ముందుకు వస్తున్న నేపథ్యంలో, ఏ వేదికను ఎంచుకోవాలన్న ప్రశ్న ప్రాధాన్యం సంతరించుకున్నది. సాధారణంగా ఈ నిర్ణయం కమీషన్ శాతాన్ని చూసి జరుగుతున్నది. అయితే సరుకు స్వభావం, సొమ్ము చేతికందే గడువు, అన్నింటికీ మించి కొనుగోలుదారుల వివరాలు ఎవరి అధీనంలో ఉంటాయన్నది సంఘం భవిష్యత్తును కమీషన్ కంటే ఎక్కువగా నిర్ణయిస్తున్నవి.

సంఘాల ముందున్న మార్గాలు ప్రధానంగా మూడు. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ వంటి మార్కెట్‌ప్లేస్‌లలో విక్రేతగా చేరడం మొదటిది. షాపిఫై, వూకామర్స్ వంటి సాఫ్ట్‌వేర్‌తో సొంత దుకాణం నెలకొల్పుకోవడం రెండవది. కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖ నిర్వహించే ఇండియా హ్యాండ్‌మేడ్ పోర్టల్, 2021 డిసెంబరులో సంస్థగా ఏర్పడిన ఓ.ఎన్.డి.సి. నెట్‌వర్క్ వంటివి మూడవ మార్గం.

మార్కెట్‌ప్లేస్ వ్యవస్థ ఒకే రకం వస్తువు వందల సంఖ్యలో అమ్ముడుపోయేందుకు అనువుగా రూపొందినది. ఒక ఫోటో, ఒక వివరణ, ఒక కోడ్ నెంబరు ఉంటే చాలు. అమ్మకాలతోపాటు కొనుగోలుదారుల అభిప్రాయాలు పోగుపడి ఆ వస్తువు జాబితాలో పైకి వస్తుంది. పోచంపల్లి ఇక్కత్ పట్టుచీర విషయం వేరు. ఒక పడుగుపై వచ్చేవి కొద్ది చీరలే. అవి అమ్ముడైన వెంటనే ఆ పేజీకి వచ్చిన అభిప్రాయాలు నిరుపయోగమవుతాయి. కొత్త డిజైనుకు మళ్ళీ మొదటి నుంచి ప్రయాణం తప్పదు. పైగా అదే పేజీలో ఇక్కత్ నమూనాను అచ్చువేసిన మరమగ్గం చీర నాలుగో వంతు ధరకు పక్కనే కనిపిస్తుంది. చేనేతకు కొన్ని వస్తువులను ప్రత్యేకించిన 1985 నాటి కేంద్ర చట్టం, పోచంపల్లి ఇక్కత్‌కు, ఉప్పాడ జాందానీకి లభించిన భౌగోళిక గుర్తింపు చట్టపరమైన రక్షణలే అయినప్పటికీ, ధరల వారీగా అమర్చిన జాబితాలో ఆ తేడా కంటికి కనబడదు.

ఇందుకు భిన్నంగా తువ్వాళ్ళు, దుప్పట్లు, మంగళగిరి నూలు డ్రెస్ మెటీరియల్ వంటివి ఒకే కొలతలో, ఒకే రంగులో పదేపదే నేయగలిగినవి. వీటికి మార్కెట్‌ప్లేస్ తగిన వేదికే. సరుకంతటినీ ఒకే చోట పెట్టాలన్న నియమం ఏదీ లేదు. అయినా సంఘాలు ఆ విధంగానే ఆలోచిస్తుండడం గమనార్హం.

సొమ్ము విషయానికి వస్తే, చీర మగ్గం దిగిన రోజునే నేతకారునికి కూలి చెల్లించవలసి ఉంటుంది. మార్కెట్‌ప్లేస్ మాత్రం వాపసు గడువును దృష్టిలో ఉంచుకొని కొంత వ్యవధి తరువాతే విక్రేత ఖాతాలో జమ చేస్తుంది. పండుగల సీజనులో అమ్మకం పెరిగినకొద్దీ రావలసిన బాకీ కూడా పెరుగుతుంది. నిర్వహణ మూలధనం తక్కువగా ఉన్న సంఘానికి ఎక్కువ అమ్మకాలే ఇబ్బందిగా పరిణమించే అవకాశం ఉన్నది. మడత విప్పి వాపసు చేసిన పట్టుచీరను తిరిగి కొత్త చీర ధరకు అమ్మడం కష్టమన్నది వేరే చెప్పనవసరం లేదు.

పన్నుల నిబంధనలను కూడా ముందుగానే పరిశీలించవలసి ఉన్నది. 2023 అక్టోబర్ 1 నుంచి, టర్నోవర్ పరిమితికి లోబడిన చిన్న విక్రేతలు జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ లేకుండానే ఈ-కామర్స్ వేదికల ద్వారా వస్తువులు అమ్ముకొనేందుకు వెసులుబాటు లభించింది. అయితే ఇది ఒకే రాష్ట్రం లోపలి అమ్మకాలకే పరిమితం. 2014 జూన్ 2 తరువాత పోచంపల్లి నుంచి విజయవాడకు పంపిన చీర కూడా అంతర్రాష్ట్ర సరఫరాయే. సాధారణ పరిమితి సైతం ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షల రూపాయలు కాగా తెలంగాణలో 20 లక్షలు. రిజిస్ట్రేషన్ ఉన్న విక్రేత నుంచి వేదిక వసూలు చేసే జి.ఎస్.టి. టి.సి.ఎస్. 2024 జూలై 10 నుంచి ఒక శాతం నుంచి 0.5 శాతానికి, ఆదాయపు పన్ను టి.డి.ఎస్. అదే సంవత్సరం అక్టోబర్ 1 నుంచి ఒక శాతం నుంచి 0.1 శాతానికి తగ్గినవి. ఈ మొత్తాలు ఖర్చు కావు. లెక్కలు సక్రమంగా ఉంటే సర్దుబాటు అవుతాయి. లెక్కలు చూసేవారు లేని సంఘాలకు మాత్రం ఇవి నష్టంగానే మిగులుతున్నవి.

సొంత దుకాణంలో ధర, ప్రదర్శన, కొనుగోలుదారుల జాబితా సంఘం చేతిలోనే ఉంటాయి. యు.పి.ఐ., రూపే డెబిట్ కార్డు చెల్లింపులపై 2020 జనవరి 1 నుంచి ఎం.డి.ఆర్. లేదు. కానీ సాఫ్ట్‌వేర్ ఉచితమైనంత మాత్రాన దుకాణం ఉచితం కాబోదు. వూకామర్స్‌కు ధర లేకపోయినా సర్వర్ అద్దె, భద్రతా మార్పులు, మరమ్మతుల బాధ్యత దుకాణదారునిదే. నెలవారీ రుసుముపై నడిచే సేవలలో ఆ భారం తగ్గుతుంది, ఆధారపడడం పెరుగుతుంది. అమెజాన్ తన వెబ్‌స్టోర్ సేవను మూసివేస్తున్నట్లు 2015లో ప్రకటించినప్పుడు, దానిపై దుకాణాలు నడుపుతున్న వ్యాపారులు వేరే వేదికకు తరలవలసి వచ్చింది. మెజెంటో తొలి తరం సాఫ్ట్‌వేర్‌కు 2020 జూన్‌లో మద్దతు నిలిచిపోయినప్పుడు, దుకాణాలను దాదాపుగా తిరిగి నిర్మించుకోవలసిన పరిస్థితి ఏర్పడింది.

అందువలన వేదికలోకి ప్రవేశించడం ఎంత సులభమన్న దానికన్నా, వెలుపలికి రావడం ఎంత సులభమన్నది ముఖ్యం. మార్కెట్‌ప్లేస్‌ను వీడిన సంఘానికి అక్కడి రేటింగులు వెంట రావు. కొనుగోలుదారుల ఫోన్ నెంబర్లు మొదటి నుంచీ దాని వద్ద ఉండవు. ఓ.ఎన్.డి.సి.లో కొనుగోలుదారు ఒక యాప్‌లో, విక్రేత మరొక యాప్‌లో ఉండేందుకు వీలుండడం ఈ సమస్యకు కొంత జవాబు. అయితే అక్కడ సైతం ఫోటోలు, నిల్వల నమోదు, రవాణా ఏర్పాటు సంఘమే చూసుకోవాలి. లేదా ఆ పని చేసే విక్రేత యాప్‌కు రుసుము చెల్లించాలి.

2020 నాటి వినియోగదారుల పరిరక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేయవలసి ఉంటుంది. నెల రోజులలో పరిష్కరించవలసి ఉంటుంది. మార్కెట్‌ప్లేస్ విక్రేతకైనా, సొంత దుకాణానికైనా ఇది వర్తిస్తుంది. ప్రతి రోజూ ఫిర్యాదులు చూసే ఒక్క ఉద్యోగి అయినా లేని సంఘం సొంత దుకాణాన్ని వాయిదా వేసుకొని, నూలు వస్త్రాలతో మార్కెట్‌ప్లేస్‌లోనో ప్రభుత్వ పోర్టల్‌లోనో ప్రారంభించడమే సముచితం.

సొంత దుకాణానికి సిద్ధపడిన సంఘాల విషయంలో చేనేత, జౌళి శాఖ క్షేత్రాధికారులు ఒక చిన్న అంశాన్ని తప్పనిసరిగా పరిశీలించవలసి ఉన్నది. వెబ్‌సైట్ తయారుచేసిన వ్యక్తి డొమైన్ పేరును తన పేరుతోనే నమోదు చేసుకోవడం ఈ రంగంలో తరచుగా జరిగే పని. డొమైన్, చెల్లింపుల ఖాతా, అడ్మిన్ పాస్‌వర్డు సంఘం పేరుతోనే ఉన్నట్లు తీర్మానంలో నమోదు చేయించి, తుది వాయిదా సొమ్మును ఆ తరువాతనే విడుదల చేయవలసి ఉంటుంది.