కుంట బాగు అడుగు బురదతోనే మొదలు

నీటి అడుగున పడిన ఆకు పూర్తిగా కుళ్లదు. దాన్ని వేగంగా కుళ్లించే సూక్ష్మజీవులకు ప్రాణవాయువు కావాలి. నీరు నిలిచిన బురదలో పైపొర దాటితే అది అందదు. అందుకే ఆకులోని కర్బనంలో కొంత భాగం, దాంతోపాటు కొంత నత్రజని, భాస్వరం బురదలోనే ఉండిపోతాయి. ముఖ్యంగా చల్లగా ఉండి, ఏడాది పొడవునా తడి ఆరని చోట్ల ఈ మిగులు వేల ఏళ్లపాటు పొరలు పొరలుగా పేరుకుంది. వాటినే పీట్ నేలలంటారు. ఆ పొర సగటున ఏడాదికి పెరిగేది సుమారు ఒక మిల్లీమీటరే. ప్రపంచ భూభాగంలో ఈ నేలలు సుమారు 3 శాతమే అయినా, అడవులన్నిటిలోని చెట్లలో ఉన్నదానికంటే ఎక్కువ కర్బనం వీటిలో ఉంది.

ఈ నిల్వ వెనక వాతావరణం పాత్ర ఎంత ఉందో మొక్కల పాత్రా అంతే ఉంది. ఉత్తర దేశాల పీట్ నేలల్లో పెరిగే స్ఫాగ్నమ్ నాచు చుట్టూ ఉన్న నీటిని ఆమ్లంగా మారుస్తుంది, అతి తక్కువ పోషకాలతో బతుకుతుంది, చచ్చాక కూడా తొందరగా కుళ్లదు. ఇండోనేషియాలో, కాంగో నదీ ప్రాంతంలో ఆ పని చిత్తడి అడవుల వేర్లు, కలప చేస్తాయి. అక్కడ ఎండ ఎక్కువే అయినా నీరు దిగదు కాబట్టి పీట్ నిలిచింది. ఇండోనేషియాలో చాలా చోట్ల సాగు కోసం కాలువలు తవ్వి ఆ నీటిని దించేశారు. 1997 కరువులో ఎండిన పీట్ నెలల తరబడి తగలబడి, ఆ పొగ పొరుగు దేశాలను కమ్మేసింది.

హైదరాబాద్‌లో పీట్ ఏర్పడదు. ఏడాదికి పడే సుమారు 800 మిల్లీమీటర్ల వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, కుంట అంచులు నెర్రెలు విచ్చుతాయి. ఆ నెర్రెల్లోంచి గాలి చొరబడి, నీటి కింద దాగిన ఆకూ అలమూ వారాల్లోనే మగ్గిపోతుంది. కర్బనం గాలిలో కలుస్తుంది, నత్రజని, భాస్వరం మొక్కలకు అందే రూపంలోకి మారతాయి. మళ్లీ వాన పడగానే అవి నీటిలోకి వస్తాయి. దక్కన్ చెరువు బురదకు సారం వచ్చేది ఈ తడీ పొడీ చక్రం వల్లనే. వేసవిలో చెరువు మట్టిని బండ్లకెత్తి పొలాలకు తోలిన తెలంగాణ రైతుకు ఈ సంగతి అనుభవంతో తెలుసు. వాన నీరు పొలం నుంచి కొట్టుకొచ్చిన సారాన్ని రైతు మళ్లీ పొలానికే చేర్చేవాడు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో కూడా పూడిక మట్టిని పొలాలకు తోలడం ముఖ్యమైన భాగం.

నగరంలో ఆ చక్రం తెగింది. జిల్లాల నుంచి బియ్యంగా, కూరగాయలుగా వచ్చిన నత్రజని, భాస్వరం చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ఇళ్లలో మురుగుగా మారతాయి. శుద్ధికి చేరని మురుగు హుస్సేన్ సాగర్ మిగులు నీటి నాలాలో కలిసి, అశోక్ నగర్, నల్లకుంటల మీదుగా గోల్నాక దిక్కున మూసీలో పడుతుంది. ఈ దారిలోని నాగమయ్యకుంట బస్తీగా మారింది. ఆగి, తేరుకుని, కొంత సారాన్ని అడుగున వదలడానికి నీటికి దారిలో చోటు మిగల్లేదు. అంబర్‌పేటలోని బతుకమ్మకుంటను ప్రభుత్వ సంస్థ హైడ్రా తవ్వించి 2025లో మళ్లీ నీటితో నింపగలగడం ఈ ప్రాంతానికి నిజంగా గొప్ప అవకాశం. అది నిలవాలంటే అడుగున జరిగే రసాయనం తెలియాలి.

బురదలో భాస్వరాన్ని పట్టి ఉంచేది ప్రధానంగా తుప్పు రూపంలో ఉన్న ఇనుము. మురుగు చేరితే దాన్ని తినే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును ఖర్చు చేసేస్తాయి. అది అయిపోయాక నైట్రేటును, ఆ తర్వాత తుప్పులోని ఇనుమును వాడుకుంటాయి. ఇనుము కరిగిపోతే అది పట్టుకున్న భాస్వరం విడుదలై పైకి వస్తుంది, నీరు పచ్చబడుతుంది. చివరికి మీథేన్ బుడగలు మొదలవుతాయి. నూరేళ్ల లెక్కన మీథేన్ బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 27 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. బురద వేడెక్కిన కొద్దీ ఈ క్రమమంతా వేగం పుంజుకుంటుంది. మురుగు ఆపిన తర్వాత కూడా పాత బురద ఏళ్ల తరబడి భాస్వరాన్ని వదులుతూనే ఉంటుంది. పూడిక తీసి మురుగు ఆపకపోయినా, మురుగు ఆపి పాత పూడిక వదిలేసినా ఖర్చంతా వృథా. ముందు మురుగు, తర్వాత పూడిక: ఈ వరస తప్పకూడదు.

మొక్కల ఎంపిక కూడా అంతే ముఖ్యం. జమ్ము, తుంగ వంటివి కాడల్లోని గాలి గొట్టాల ద్వారా ప్రాణవాయువును వేళ్లదాకా దింపుతాయి. వేళ్ల చుట్టూ ఇనుము మళ్లీ తుప్పుపట్టి భాస్వరాన్ని బంధిస్తుంది. ఆ గొట్టాల్లోంచే కొంత మీథేన్ పైకి పోతుందన్నదీ నిజమే, అయినా మురుగు రాని కుంటలో మేలే ఎక్కువ. గుర్రపుడెక్క తీరు వేరు. అనుకూలమైన నీటిలో రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది, నీటిలోని సారాన్ని బాగా పీలుస్తుంది, కానీ పైన కప్పేసి గాలి అందనివ్వదు, చచ్చి అడుగున పడితే పీల్చినదంతా తిరిగి కుంటకే ఇస్తుంది. దాన్ని తీసి గట్టు మీదే కుప్పపోస్తే మొదటి వానకు ఆ సారం మళ్లీ నీటిలోకే జారుతుంది. తీసిన రోజే దూరంగా తరలించి ఎరువుగా మారిస్తేనే కుంటలోంచి నత్రజని, భాస్వరం నిజంగా బయటికి పోయినట్టు.

ఇదే కథ పెద్ద ఎత్తున కొల్లేరులో నడిచింది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఆ సరస్సు 1999లో అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. అప్పటికే చేపల చెరువుల గట్లు నీటి నడకను ముక్కలు చేశాయి, మేతల, ఎరువుల సారం సరస్సులోకి చేరింది. 2006లో ప్రభుత్వం చాలా గట్లను తెంచింది. అయినా ఆక్రమణలు తిరిగి వచ్చాయి. చట్టం గీసిన హద్దు ఒక్కటే సరస్సును నిలబెట్టలేదు, లోపలికి వచ్చే నీటి నాణ్యతనూ కాపాడాలి.

కాబట్టి నల్లకుంట పరిసరాల్లో జరగాల్సిన పనులు స్పష్టమే. నాలాలో కలుస్తున్న ప్రతి మురుగు గొట్టాన్ని జలమండలి గుర్తించి శుద్ధి కేంద్రానికి వెళ్లే లైనుకు కలపాలి. బతుకమ్మకుంటలో గాని, ఇకపై బాగుచేసే ఏ కుంటలో గాని అడుగునూ అంచులనూ సిమెంటుతో కప్పకూడదు. వాలుగా ఉన్న మట్టి ఒడ్డున జమ్ము, తుంగ పెంచి, ఏటా కోసి బయటికి తీయాలి. నగరపు పూడికలో లోహాలు ఉండే అవకాశం ఉంది కనుక పరీక్షించకుండా దాన్ని కూరగాయల తోటలకు ఇవ్వకూడదు. ఇందిరా పార్కు, సుందరయ్య పార్కుల్లోనూ వీధుల్లోనూ రాలిన ఆకును తగలబెట్టడం మాని అక్కడే గుంటల్లో మగ్గించాలి. మేడ మీద మొక్కలు పెంచేవారు దూర దేశాల నేలను తవ్వి తెచ్చిన పీట్ మాస్ సంచులకు బదులు ఆ ఆకు ఎరువునూ కొబ్బరి పొట్టునూ వాడాలి. గుర్రపుడెక్క తొలగించే ఒప్పందాల్లో తరలింపునూ ఎరువు తయారీనీ తప్పనిసరి షరతుగా చేర్చాలి. నీటిలో ప్రాణవాయువు, భాస్వరం, నైట్రేటు కొలతలను నెలనెలా తీసి వార్డు కార్యాలయం గోడ మీద అంటించాలి. వచ్చే వేసవి పూడికతీత టెండర్లు పిలిచేలోపే ఈ షరతులను అందులో చేర్చాలని నివాసుల సంఘాలు నగర పాలక సంస్థకూ హైడ్రాకూ రాతపూర్వకంగా వినతులు ఇవ్వాలి.