బ్రేక్ ఆయిల్‌కూ గడువు ఉండాలి



పులికాట్ సరస్సు ఒడ్డున సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం ప్రాంతాల నుంచి చేపలు, రొయ్యలు, పాలు, కూరగాయలు మోసే చిన్న సరకు వ్యాన్లలోనూ, యాత్రికులను తిరుమలకు చేర్చే ప్రయాణికుల వ్యాన్లలోనూ బ్రేక్ ఆయిల్ తగ్గినప్పుడు పైనుంచి కాస్త పోసి సరిపెట్టడమే తప్ప, పాతదంతా తీసి కొత్తది నింపించే పద్ధతి ఇంకా స్థిరపడలేదు. ఈ పద్ధతి మారాలి. దానితోపాటు రవాణా వాహనాల ఫిట్‌నెస్ పరీక్షలో ఆ ద్రవం నాణ్యతనూ తప్పనిసరిగా చూడాలి.

పెద్ద లారీలూ బస్సులూ ఎక్కువగా గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ బ్రేకుల మీద ఆధారపడతాయి గనుక వాటి సంగతి వేరు. 2005లో వచ్చిన టాటా ఏస్ వంటి చిన్న వాణిజ్య వాహనాల్లో మాత్రం డ్రైవర్ కాలి ఒత్తిడిని మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాల దాకా మోసుకుపోయేది ద్రవమే. ద్రవం నొక్కినా కుంచించుకుపోదు కాబట్టే పెడల్ మీద పడిన బలం ప్యాడ్లకూ, బ్రేక్ షూలకూ చేరుతుంది. వాడుకలో దీన్ని ఆయిల్ అంటున్నా ఇది నూనె కాదు. గ్లైకాల్ జాతి రసాయనం. వానాకాలంలో మూత తీసి ఉంచిన ఉప్పు డబ్బాలాగా ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ద్రవం నిల్వ ఉండే చిన్న ట్యాంకు మూతకు ఉండే సన్నని గాలి దారి గుండానే కాక, రబ్బరు గొట్టాల గోడల గుండా కూడా తేమ లోపలికి చేరుతుంది కాబట్టి బండి కదలకుండా నిలిచి ఉన్నా ఈ మార్పు ఆగదు. అందువల్ల తిరిగిన కిలోమీటర్లతోపాటు గడిచిన నెలలనూ లెక్కించక తప్పదు.

డబ్బా మీద కనిపించే డాట్ అంకెలు అమెరికా రవాణా శాఖ ప్రమాణాల నుంచి వచ్చినవి. ఆ ప్రమాణం ప్రకారం డాట్ 3 ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు, సుమారు 3.7 శాతం నీరు కలిశాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు ఇవే హద్దులు 230, 155 డిగ్రీలు. మరిగిన ద్రవంలో పుట్టే ఆవిరి, నీటిలా కాక గాలిలా కుంచించుకుపోతుంది కనుక పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది గానీ చక్రం ఆగదు. ఇందులో మరింత ప్రమాదకరమైన విషయం ఒకటుంది: బండిని పక్కన నిలిపి చల్లారనిస్తే ఆవిరి మళ్లీ ద్రవమై పెడల్ మామూలుగా గట్టిపడుతుంది, అప్పుడు చూసిన మెకానిక్‌కు లోపమేదీ కనిపించదు.

సముద్ర మట్టంలో ఉన్న పులికాట్ తీరం నుంచి నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా బయలుదేరే వ్యాన్ తిరుమలలో సుమారు 850 మీటర్ల ఎత్తుకు చేరి, 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డు మీదుగా కిందికి దిగుతుంది. నిండు బరువుతో దిగేటప్పుడు తక్కువ గేరులో ఇంజను పట్టు మీద నడపకపోతే, కొండ ఎత్తు ఇచ్చిన శక్తిలో అధిక భాగం బ్రేకుల్లో వేడిగా మారుతుంది. ఏడాది పొడవునా తేమ పీల్చిన ద్రవానికి ఇంతకు మించిన పరీక్ష లేదు. దిగే వాహనాలకు దేవస్థానం కనీస ప్రయాణ సమయం నిర్ణయించడం మెచ్చదగిన పనే అయినా, అది వేగాన్ని అదుపు చేస్తుందే తప్ప ట్యాంకులోని నీటిని తీసివేయదు.

పైనుంచి పోసే అలవాటు వల్ల మరో నష్టం కూడా ఉంది. ట్యాంకులో మట్టం మెల్లగా తగ్గడానికి ప్యాడ్లు అరగడం కారణం కావచ్చు. ఒక్కసారిగా తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే. కారణం వెతకకుండా నింపేస్తే ఆ హెచ్చరిక చెరిగిపోతుంది. చేపల వ్యాన్లలో కరిగిన మంచు నీరు, ఉప్పుగాలి కలిసి ఇనుప పైపులనూ, గాలి తీసే నిపిళ్లనూ తుప్పు పట్టిస్తాయి గనుక ఈ తీరంలో ఆ హెచ్చరిక విలువ ఎక్కువ.

ఏ ద్రవం పోయాలన్నది తయారీదారు పుస్తకంలోనూ, ట్యాంకు మూత మీదా ఉంటుంది. దుకాణంలో చేతికి అందిన డబ్బా దానికి ప్రమాణం కారాదు. సిలికాన్‌తో చేసిన డాట్ 5ను గ్లైకాల్ ద్రవంతో కలపకూడదు. పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5.1 వేరు, అది గ్లైకాల్ జాతిదే. ఇంజను ఆయిల్ ఒక్క చెంచా పడినా రబ్బరు వాషర్లు ఉబ్బి పాడవుతాయి. సీలు తీసి నెలల తరబడి అరలో ఉంచిన డబ్బా కూడా తేమ పీల్చి ఉంటుంది కాబట్టి అవసరానికి సరిపడే చిన్న డబ్బా కొని, మిగిలినది వాడకపోవడమే మేలు. చాలా వాహనాలకు రెండేళ్లకోసారి మార్పు సూచిస్తారు. తేమ గాలిలో నిలిచి, ఘాట్ ఎక్కి దిగే వ్యాన్లకు ఏడాదికోసారి మార్చడం న్యాయమైన జాగ్రత్త. అందుకయ్యే ఖర్చు ఒక టైరు ధర ముందు చాలా స్వల్పం.

ఇక ప్రభుత్వం చేయవలసినది. మోటారు వాహనాల చట్టం, 1988 కింద రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పునరుద్ధరించాలి. ఆ పరీక్షలో రోలర్ల మీద గానీ, రోడ్డు మీద గానీ కాసేపు బ్రేకు వేసి చూస్తారు. చల్లని స్థితిలో, నీరు పట్టిన ద్రవం కూడా ఆ పరీక్షలో నెగ్గుతుంది. ద్రవం మరుగు ఉష్ణోగ్రతను కొలిచే చిన్న పరికరాలు ఇప్పటికే అందుబాటులో ఉన్నాయి. వాటిని తిరుపతి జిల్లా ఫిట్‌నెస్ కేంద్రాల్లో ఉంచి, ఫలితాన్నీ, చివరిగా ద్రవం మార్చిన తేదీనీ సర్టిఫికెట్‌తోపాటు నమోదు చేయాలని రవాణా శాఖకు విజ్ఞప్తి. ఈలోగా వ్యాన్ యజమానులు తమ బండి ట్యాంకు మూత పక్కన ఆ తేదీ రాసిన చీటీ అంటించాలి. తేదీ తెలియని బండికి ఈ వానాకాలానికి ముందే ద్రవం మార్పించాలి.

— ఒక పాఠకుడు,
సూళ్లూరుపేట, తిరుపతి జిల్లా