సిద్దిపేట మట్టి వదిలే కార్బన్.. వాతావరణ మోడళ్ల లెక్కకు అందుతోందా?

సిద్దిపేట: తొలకరి వాన పడగానే చెలక నేలల్లో ఓ మార్పు మొదలవుతుంది. ఎండాకాలమంతా నిద్రలో ఉన్న సూక్ష్మజీవులు ఒక్కసారిగా లేస్తాయి. మట్టిలోని సేంద్రియ పదార్థాన్ని తిని, గంటల్లోనే కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. దీన్నే 'బర్చ్ ఎఫెక్ట్' అంటారు.

ఎందుకింత ముఖ్యం?

ప్రపంచంలో పై మీటరు లోతు మట్టిలోనే సుమారు 1,500 బిలియన్ టన్నుల కార్బన్ ఉంది. గాల్లో ఉన్నదానికంటే ఇది చాలా ఎక్కువ. వేడి పెరిగి అందులో కొంత బయటపడినా భూతాపం ఇంకా పెరుగుతుంది.

మోడళ్లలో లోపమెక్కడ?

చాలా మోడళ్లు మట్టిని కార్బన్ డబ్బాల్లా చూస్తాయి. వేడి, తేమను బట్టి డబ్బా ఇంత వేగంగా ఖాళీ అవుతుందని లెక్క కడతాయి. తినే జీవి మాత్రం ఆ లెక్కలో ఉండదు. ఎక్కువగా వాడే 'రోత్-సీ' మోడల్ నెల సగటుతో నడుస్తుంది. అలాంటప్పుడు ఒక్క వానకు వచ్చే ఉద్ధృతి ఎలా కనిపిస్తుంది? ఫలితం.. 2013లో వచ్చిన ఓ పరిశీలనలో ప్రపంచ మట్టి కార్బన్‌ను ఒక మోడల్ 510 బిలియన్ టన్నులుగా, మరొకటి 3,040 బిలియన్ టన్నులుగా చూపించాయి. అంటే దాదాపు ఆరు రెట్ల తేడా!

ఇక్కడి పరిస్థితి వేరు

కాళేశ్వరం కింద రంగనాయకసాగర్ 2020లో, మల్లన్నసాగర్ 2022లో ప్రారంభమయ్యాయి. నీళ్లొచ్చిన చోట మెట్ట చేను వరి మడి అయితే సూక్ష్మజీవుల పనే మారుతుంది. నిలిచిన నీటిలో గాలి అందక మీథేన్ పుడుతుంది. చాలా ప్రపంచ మోడళ్లలో ఒక్కో గడి సుమారు 100 కిలోమీటర్లు. చెలక, రేగడి, వరి మడి అన్నీ కలిపి జిల్లా మొత్తం ఒక్క గడిలో పట్టేస్తుంది. పైగా మట్టి ప్రయోగాల్లో ఎక్కువ భాగం చల్లని దేశాల్లోనే జరిగాయి.

రైతుకేంటి?

పలు కార్బన్ క్రెడిట్ పథకాలు ఇలాంటి మోడళ్లపైనే ఆధారపడుతున్నాయి. లెక్క తప్పితే రైతుకు దక్కాల్సిన సొమ్ము తగ్గొచ్చు, లేదా లేని లాభం కాగితం మీద కనిపించొచ్చు. అందుకే ఇక్కడి నేలల్లో, ముఖ్యంగా తొలి వానలప్పుడు, కొలతలు పెరగాలి.

అయితే రైతు అప్పటిదాకా ఆగక్కర్లేదు. మట్టి పరీక్షలో సేంద్రియ కార్బన్ 0.5 శాతం లోపుంటే 'తక్కువ' అని అర్థం. వరి కొయ్యలు కాల్చకుండా దున్నడం, జీలుగ, జనుము వేయడం మేలు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1976 నుంచి సాగుతున్న ప్రయోగం కూడా సాగు పద్ధతి మారిస్తే మట్టిలో కార్బన్ పెరుగుతుందనే చూపించింది.