స్వింగ్ నేర్చుకోవాలంటే యాప్ ఆపేయండి, స్లో మోషన్ ఒక్కటి ఉంచుకోండి

ముందుగా ఒక విషయం ఒప్పేసుకుంటా. పోయినేడాది ఇదే సైట్‌లో, గ్లోవ్‌కి క్లిప్ చేసుకునే ఒక గోల్ఫ్ స్వింగ్ సెన్సార్‌కి ఐదుకి నాలుగు స్టార్లు ఇచ్చింది నేనే. బ్యాటరీ బాగుంది, బ్లూటూత్ వెంటనే కనెక్ట్ అవుతోంది, యాప్ నీట్‌గా ఉంది అని రాశా. మూడూ నిజమే. కానీ దాన్ని పెట్టుకుని నిజంగా ఆట నేర్చుకునేవాళ్ళెవరూ అప్పుడు నా పక్కన లేరు. నేనే డ్రైవింగ్ రేంజ్‌కి రెండుసార్లు వెళ్ళి, నాలుగు బకెట్ల బంతులు కొట్టి, గ్రాఫుల స్క్రీన్‌షాట్లు తీసి పోస్ట్ పెట్టేశా.

ఆ రివ్యూ చదివి డాలస్‌లో ఉన్న మా అక్క అదే సెన్సార్ కొని మా మేనల్లుడికిచ్చింది. వాడికి 14 ఏళ్ళు. ఆగస్టులో హైస్కూల్ గోల్ఫ్ టీమ్ సెలక్షన్స్. సెలవులకి జూన్‌లో పలివెల వచ్చాడు, సూట్‌కేసులో మూడు క్లబ్బులు, ఆ సెన్సార్, ఫోన్‌లో ఇంకో రెండు స్వింగ్ యాప్‌లూ వేసుకుని. నేను కూడా వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని ఊళ్ళోనే ఉన్నా.

కోనసీమలో గోల్ఫ్ ఏంటండీ అంటారా? నిజమే, ఇక్కడ కోర్సు లేదు. విశాఖ ఈస్ట్ పాయింట్‌కి వెళ్ళాలంటే 200 కిలోమీటర్ల పైమాటే. అందుకని పెరట్లో రెండు కొబ్బరి చెట్ల మధ్య పాత చేపల వల రెండు మడతలేసి కట్టాం. కింద పీచు పట్టా. అంతే, ప్రాక్టీస్ నెట్ రెడీ.

మొదటి రోజు సాయంత్రం చూశా వాణ్ణి. బంతి ముందు నిలబడ్డాడు. కదలడు. ఇరవై సెకన్లు అలాగే ఉన్నాడు.

"ఏంట్రా ఆలోచిస్తున్నావు?"

"హిప్ టర్న్ తక్కువుందంట మావయ్యా. రిస్ట్ యాంగిల్ రెడ్‌లో ఉంది. టెంపో కూడా రెడ్. ఏది ఫస్ట్ ఫిక్స్ చెయ్యాలో తెలీట్లేదు."

కొట్టాడు. బంతి నెత్తి మీద తగిలి వల దాకా కూడా పోలేదు. ఫోన్ టింగ్ మంది, 58 స్కోరు. మళ్ళీ కొట్టాడు, 51. పదో బంతికి క్లబ్ అక్కడే పడేసి పశువుల పాక వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకోవడం కనిపించింది. ఏడాది క్రితం వీడియోలో ఇదే పిల్లాడు నవ్వుకుంటూ కొడుతుంటే చూశా నేను. నాలుగు స్టార్లు గుర్తొచ్చాయి.

అసలు సంగతేంటంటే, క్లబ్ పైనుంచి కిందకి వచ్చి బంతికి తగిలే టైమ్ సుమారు పావు సెకను. మనిషి ఒకదాన్ని చూసి స్పందించడానికే దాదాపు 0.2 సెకను పడుతుంది. అంటే కిందకి దించడం మొదలెట్టాక "ఇప్పుడు నడుము తిప్పాలి, ఇప్పుడు మణికట్టు వదలాలి" అని ఆలోచించే ఖాళీ లేదు. క్లబ్‌కీ బంతికీ మధ్య తాకిడైతే అర మిల్లీ సెకను. సెన్సార్ ఆ పావు సెకనుని డజను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ మార్కులేసి పిల్లాడి చేతిలో పెడుతోంది. ఇంజినీర్‌కి అది గొప్ప డేటా. ఆడేవాడికి మాత్రం డజను అనుమానాలు.

ఇది ఇవాళ్టి గోల కాదు. ఎర్నెస్ట్ జోన్స్ అని ఒక ఇంగ్లీష్ గోల్ఫ్ ప్రొఫెషనల్. 1916లో మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి కాలు మోకాలి కింద పోయింది. కొన్ని నెలలకే ఒంటికాలి మీద ఆడి 83 కొట్టాడు. సగటు గోల్ఫర్‌కి రెండు కాళ్ళతో కూడా రాని స్కోరది. నడుము ఇలా, మోకాలు అలా అని అందరూ చెప్పే పాఠాలు నిజంగా అంత ముఖ్యమైతే నాకిదెలా సాధ్యమైంది అని ఆయనకి డౌటొచ్చింది. తర్వాత అమెరికా వెళ్ళి, న్యూయార్క్‌లో నాలుగు గోడల మధ్య పాఠాలు చెప్పేవాడు. ఆయన గ్యాడ్జెట్ ఒక్కటే, జేబురుమాలు కొసకి కట్టిన చిన్న మడత చాకు. దాన్ని ఊపమనేవాడు. రుమాలు బిగుతుగా, తిన్నగా ఉంటే అది ఊపు. వంగిందంటే నువ్వు తోస్తున్నావని లెక్క. క్లబ్ చివరున్న బరువుని ఊపు, ఒళ్ళు దాని వెంట అదే వస్తుంది. ఆయన పాఠం మొత్తం ఇంతే. ఆయన దగ్గర నేర్చుకున్న వర్జీనియా వాన్ వై 1932, 33, 34లో వరసగా మూడేళ్ళు అమెరికా మహిళల అమెచ్యూర్ టైటిల్ గెలిచింది.

మర్నాడు నేనూ అదే పని చేశా. నాన్న తువ్వాలు తీసుకుని కొసకి పెరటి గేటు తాళం కప్ప కట్టా. (ఈ తప్పు మీరు చెయ్యకండి. రెండో ఊపుకే నా మోకాలి చిప్పకి తగిలింది. తాళంచెవుల గుత్తి చాలు.) మేనల్లుడు ఊపడం మొదలెట్టాడు. తొందరపడితే తువ్వాలు మధ్యలో ముడుచుకుపోతోంది. మెల్లిగా వెనక్కి పోనిచ్చి, పైన ఒక్క క్షణం ఆగనిచ్చి వదిలితే చక్కగా తాడులా సాగుతోంది. యాప్ లేదు, మార్కులు లేవు. తప్పు చేస్తే చేతికే తెలుస్తోంది.

మంచం మీంచి చూస్తున్న నాన్న అందుకున్నారు. "ఇది గూడ వెయ్యడమే కదరా!" అన్నారు. మా మేనల్లుడికి గూడంటే తెలీదు. మీలో కూడా చాలామందికి తెలీకపోవచ్చు. మోటార్లు లేని రోజుల్లో కాలవ నీళ్ళు మెరక చేలోకి ఎక్కించడానికి, తాళ్ళు కట్టిన గూడని ఇద్దరు అటొకరు ఇటొకరు నిలబడి ఊపుతూ తోడేవారు. "తాడుని తొయ్యగలవా? తొయ్యలేవు. అది వెనక్కి పోయి తిరిగే దాకా ఆగాలి. ఆగకుండా లాగేవనుకో, నీళ్ళు చేలో కాదు, నీ ఒంటి మీదే" అని లేచి, లుంగీ ఎగ్గట్టి తువ్వాలు ఊపి చూపించారు. మా వాడికి సరదా పుట్టి తాతయ్యని స్వింగ్ యాప్‌లో షూట్ చేశాడు. లుంగీలో కాళ్ళెక్కడున్నాయో దానికి అర్థం కాలేదు. గీతలు అటూ ఇటూ ఎగిరి, చివరికి "బాడీ నాట్ డిటెక్టెడ్" అంది. వారం రోజుల్లో వాడు పడీ పడీ నవ్వింది అప్పుడే. ఇంతకీ ఆ యాప్‌లన్నీ ఒక్క కెమెరా ఇచ్చే చదునైన బొమ్మ చూసి మూడు డైమెన్షన్ల కీళ్ళని ఊహిస్తాయి. వదులు బట్టలేసుకుంటే ఆ ఊహ ఇంకా తప్పుతుంది. కానీ డిగ్రీలు మాత్రం దశాంశంతో సహా చెప్తాయి.

దీనికి కాస్త సైన్స్ బలం కూడా ఉంది. గాబ్రియెల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలు, తన సహచరులతో కలిసి 1999లో కొత్తగా గోల్ఫ్ నేర్చుకునేవాళ్ళ మీద ఒక ప్రయోగం చేసింది. కొందరికి చేతుల కదలిక మీద దృష్టి పెట్టమంది, కొందరికి క్లబ్ ఊగడం మీద. క్లబ్ మీద దృష్టి పెట్టినవాళ్ళే బాగా నేర్చుకున్నారు. ఒంటి మీద కాదు, చేతిలో ఉన్నదాని మీద. నా సెన్సార్ చేసింది సరిగ్గా దీనికి రివర్స్.

సరే, మరి గ్యాడ్జెట్ అక్కర్లేదా? అలా అంటే ఈ సైట్‌లో నాకు పనేముంది! మీ జేబులో ఉన్న ఫోనే కావాలి, కానీ దాన్ని సరిగ్గా వాడాలి. ఇక్కడ కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే చాలామంది తప్పుచేసేది ఇక్కడే.

మామూలు ఆటగాడి డ్రైవర్ తల గంటకి 150 కిలోమీటర్ల వరకూ పోతుంది. 30 ఫ్రేముల మామూలు వీడియోలో, ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య అది దాదాపు 1.4 మీటర్లు దాటేస్తుంది. అసలు బంతికి తగిలింది మీ వీడియోలో ఉండనే ఉండదు. 240 ఫ్రేముల స్లో మోషన్‌లో అదే 17 సెంటీమీటర్లు. చూడటానికి అది చాలు. మీ బడ్జెట్ ఫోన్‌లో 120 మాత్రమే ఉన్నా ఫర్వాలేదు, ఐరన్ క్లబ్బులకి సరిపోతుంది. ఫ్రేముల కన్నా వెలుతురు ముఖ్యం. కొబ్బరి చెట్ల నీడలో సాయంత్రం ఐదున్నరకి తీస్తే ఎన్ని ఫ్రేములున్నా క్లబ్ పొగలా కనిపిస్తుంది. ప్రో మోడ్‌లో వీడియో షట్టర్ మార్చే వీలుంటే 1/1000 కన్నా వేగంగా పెట్టండి, ఎండలో తియ్యండి.

ఇంకోటి. వీడియోలో క్లబ్ రాడ్డు విల్లులా వంగి కనిపిస్తే కంగారు పడకండి. అది మీ బలమూ కాదు, క్లబ్ లోపమూ కాదు. ఫోన్ సెన్సార్ బొమ్మని ఒకేసారి కాకుండా వరస వరసగా చదువుతుంది, ఈలోగా క్లబ్ కదిలిపోతుంది. దాన్ని రోలింగ్ షట్టర్ అంటారు. ఇది చూసి షాఫ్ట్ మార్చేసుకున్నవాళ్ళు నాకు తెలుసు.

ఫోన్ పెట్టే చోటు కూడా రోజూ ఒకటే ఉండాలి. చేతుల ఎత్తులో, ఒకసారి బంతి వెళ్ళే లైనుకి వెనక నుంచి, ఒకసారి ఎదురుగా. ఒక అడుగు పక్కకి జరిపితే మంచి స్వింగ్ కూడా వంకరగా కనిపిస్తుంది. మేం అమ్మ ముగ్గు డబ్బా తీసుకుని ట్రైపాడ్ కాళ్ళు ఎక్కడుండాలో నేల మీద చుక్కలు పెట్టేశాం.

చూసేది కూడా ఒక్కటే, టెంపో. జాన్ నోవోసెల్ అనే ఆయన ప్రొఫెషనల్స్ వీడియోలు ఫ్రేము ఫ్రేముగా లెక్కపెట్టి 2004లో పుస్తకం రాశాడు. వెనక్కి తీసుకెళ్ళే టైమ్, కిందకి దించే టైమ్ కన్నా మూడు రెట్లు. 30 ఫ్రేముల లెక్కలో 24కి 8, లేదా 21కి 7, 27కి 9. మనిషిని బట్టి వేగం మారుతుంది, నిష్పత్తి దాదాపు అదే. మీ 240 వీడియోలో 192కి 64 అన్నమాట. మా వాడిది వెనక్కే ఆదరాబాదరాగా లాగేస్తున్నాడు, రెండు రెట్లు కూడా రావట్లేదు. అంతకు మించి ఏమీ చూడలేదు మేం.

అదీ పది బంతులకొక్కసారే. ప్రతి బంతికీ ఫోన్ చూస్తే ఆ పూటకి బాగానే కొడతారు, ఫోన్ లేని రోజు తడబడతారు. ప్రతిసారీ రిజల్ట్ చెప్తే నేర్చుకునేవాడు దాని మీదే ఆధారపడిపోతాడని మోటార్ లెర్నింగ్ వాళ్ళు 1984 నుంచీ చెప్తూనే ఉన్నారు. మిగతా తొమ్మిది బంతులకీ క్లబ్ ముఖానికి టాల్కం పౌడర్ రాశాం. బంతి ఎక్కడ తగిలిందో మచ్చ పడుతుంది. మొదటి వారం పదిలో మూడు మధ్యలో పడ్డాయి. మూడో వారానికి ఆరు. ఒక్కోరోజు మళ్ళీ నాలుగే. మ్యాజిక్ ఏమీ లేదు. కానీ బంతి ముందు బిగుసుకుపోవడం మాత్రం పోయింది.

లాంచ్ మానిటర్ల సంగతి వేరు, వాటిని ఈ గాటన కట్టను. అవి చూసేది మీ నడుముని కాదు, బంతిని. బంతి మొదట బయల్దేరే దిక్కుని ఎక్కువగా నిర్ణయించేది క్లబ్ ముఖం చూసే దిక్కే అని గట్టిగా తేల్చింది ట్రాక్‌మాన్ లాంటి రాడార్లే. అంతకు ముందు పెద్ద పెద్ద కోచ్‌లు కూడా దీన్ని తిరగేసి చెప్పేవారు. మా వలలో బంతి ఎటు పోయేదో మాకు తెలీలేదు, అది మా పద్ధతిలో పెద్ద లోటే. కానీ 600 డాలర్ల మెషీన్ కొనేముందు రేంజ్‌కి వెళ్ళి బంతి ఎటు పోతుందో కళ్ళతో చూసుకోవచ్చు కదా.

"ప్రొఫెషనల్స్ అందరూ డేటా వాడుతున్నారుగా" అంటారు. వాడతారు, స్వింగ్ వచ్చాక. మన తెలుగువాళ్ళ అబ్బాయి సాహిత్ తీగలనే చూడండి. నాన్న మురళీధర్ హైదరాబాద్ నుంచి వెళ్ళి కాలిఫోర్నియాలో స్థిరపడ్డారు. సాహిత్‌కి చిన్నప్పుడే వెన్నెముక వంపు ఉందని తేలింది. అతని స్వింగ్ పుస్తకంలో బొమ్మలా ఉండదు, అతనిదిలానే ఉంటుంది. దాంతోనే 2023 సెప్టెంబర్‌లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. నాకు ఇంకా నచ్చింది 2024 టూర్ ఛాంపియన్‌షిప్. ఇసుక గుంటలో క్లబ్ వెనక్కి తీసేటప్పుడు ఇసుకకి తగిలినట్టు తనకనిపించి, తనే చెప్పి రెండు స్ట్రోకుల పెనాల్టీ వేయించుకున్నాడు. వీడియో చూసినా అంత స్పష్టంగా తేలలేదు. చేతికి తెలిసింది, అంతే. చివరికి మూడో స్థానం.

ఇది మేనల్లుడికి చెప్తే, "అయితే నా చేతికి కూడా తెలుస్తుందా మావయ్యా?" అన్నాడు. పౌడర్ మచ్చ చూడకముందే ఎక్కడ తగిలిందో చెప్పమన్నా. మొదట్లో అన్నీ తప్పే. తిరిగి వెళ్ళే ముందు రోజు పదిలో ఏడు కరెక్టుగా చెప్పాడు.

సెలక్షన్స్ ఇంకా కాలేదు. సెన్సార్ పలివెలలోనే టీవీ పక్కన వదిలేసి వెళ్ళాడు, తాతయ్య తువ్వాలు మాత్రం పట్టుకెళ్ళాడు. పాత రివ్యూలో నాలుగు స్టార్లు ఇవాళే రెండు చేశా. హార్డ్‌వేర్‌కి వంక పెట్టలేను కాబట్టి ఆ రెండూ ఉంచా. అక్కడ కామెంట్లలో "కొనమంటారా?" అని అడిగిన ఇద్దరికి అప్పట్లో కొనమన్నా. వాళ్ళకి విడిగా రిప్లై పెట్టా.