గూడబాతు కాలు

పిల్లలూ,

పోయిన నెల గణపవరం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసింది ఏడో తరగతి చదివే అమ్మాయి. తన పేరు పత్రికలో వెయ్యవద్దని కోరింది కనక వెయ్యటం లేదు. ఉత్తరంతోపాటు ఒక బొమ్మ కూడా పంపింది. లెక్కల పుస్తకంలోంచి చింపిన గళ్ల కాగితం మీద పెన్సిలుతో వేసిన బొమ్మ అది. ఇంత పొడుగు ముక్కూ, ముక్కు కింద సంచీ, పొట్టి కాళ్లూ ఉన్న ఒక పక్షి.

ఉత్తరంలోని సంగతి ఇది. వాళ్లకు ఊరి బయట ఒక చేపల చెరువున్నది. పక్షులు చేపపిల్లలను ఎత్తుకుపోకుండా చెరువు మీద సన్నటి నైలాను దారాలు కట్టారు. ఒకనాడు తెల్లవారేసరికి ఒక పెద్ద పక్షి ఆ దారాల్లో రెక్క చిక్కుకుని గట్టు వార పడి కొట్టుకుంటున్నది. వాళ్ల నాన్నా, చెరువు కాపలా ఉండే తాతా కలిసి దాని తల మీద తువ్వాలు కప్పి, కొడవలితో దారాలు ఒక్కొక్కటే కోశారు. అంతసేపూ ఈ అమ్మాయి దాని కాళ్ల దగ్గర కూర్చుని చూసింది. తువ్వాలు తీసేశాక ఆ పక్షి కొంచెంసేపు గట్టు మీదనే నిలబడి, ముక్కు దులుపుకుని, నీటిలోకి దిగి, నీటి మీద బరువుగా పరుగెత్తి గాలిలోకి లేచింది. అమ్మాయి ఇంటికి వచ్చి బొమ్మ వేసింది.

"మా మామ్మ దాన్ని గూడబాతు అంటుంది. పుస్తకంలో పెలికాన్ అని ఉంది. ఏది సరి? మా నాన్న దాన్ని విడిపించాడు గాని మర్నాడే మళ్లీ దారాలు కట్టాడు. అది మా చేపలు తింటుంది. దాన్ని తరమాలా, కాపాడాలా?"

ఇవీ ఆ అమ్మాయి ప్రశ్నలు. మొదటిది సులువు. రెండోది అంత సులువు కాదు.

పెలికాన్ అన్నా గూడబాతు అన్నా ఒకటే. కాని మామ్మ మాటలో ఒక చమత్కారం ఉన్నది. గూడ అంటే ఏమిటో మీలో ఎంతమందికి తెలుసు? ఇంజన్లు రాక ముందు కాలవలోని నీటిని చేలోకి తోడటానికి గూడ వేసేవారు. అది వెడల్పు మూతి గల బుట్ట. దానికి రెండు వైపులా తాళ్లు కట్టి, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, కాలవలో ముంచి, ఊపి, నీటిని చేలోకి విసిరేవారు. గూడబాతు కూడా తన ముక్కు కింది సంచీని అలాగే నీటిలో ముంచుతుంది. అయితే రైతు గూడలో నీరు కావాలి, చేప వస్తే అదృష్టం. గూడబాతుకు చేప కావాలి, నీరు అక్కర లేదు. అందుకని అది సంచీని నొక్కి, ముక్కు వంచి, నీటినంతా కార్చేసి, అప్పుడు తల పైకెత్తి చేపను మింగుతుంది. చాలామంది అనుకున్నట్టు ఆ సంచీ చేపలు దాచుకునే జేబు కాదు. పట్టే వల.

ఐరోపాలో పూర్వం దీన్ని గురించి మరొక కథ చెప్పుకునేవారు. తల్లి తన రొమ్ము చీల్చుకుని, ఆ నెత్తురుతో పిల్లలను పోషిస్తుందట! అది ఉత్త కథ. పిల్లలు తల్లి గొంతులోకి తలలు దూర్చి, అది కక్కిన చేపలను తింటవి. చూడటానికి కొంచెం అసహ్యంగానే ఉంటుంది లెండి.

ఇక నా పొరపాటు చెప్పాలి. ఆ బొమ్మలో నేను రెండు తప్పులు పట్టాను. మొదటిది, పై ముక్కు మీద వరసగా చుక్కలున్నవి. పెన్సిలు ముల్లు తగిలి పడిన మచ్చలనుకున్నాను. రెండోది కాలు. బాతు కాలు మీరందరూ చూసే ఉంటారు. ముందున్న మూడు వేళ్లకే మధ్య తోలు ఉంటుంది, వెనక వేలు విడిగా ఉంటుంది. ఈ అమ్మాయి నాలుగు వేళ్లనూ ఒకే తోలుతో కలిపి వేసింది. "తొందరలో వేసిందిలే" అనుకుని, ఎర్ర పెన్సిలుతో కాలు చుట్టూ సున్న చుట్టాను.

రాత్రి ఎందుకో అనుమానం వచ్చి పక్షుల పుస్తకం తీశాను. రెండూ నా తప్పులే! పెలికాన్ జాతి పక్షులన్నిటికీ నాలుగు వేళ్లూ ఒకే తోలుతో కలిసి ఉంటవి. నీటికాకి కాలు కూడా అంతే. ఇక చుక్కల సంగతి. మన గూడబాతుకు పై ముక్కు అంచున నీలి నలుపు మచ్చలు వరసగా ఉంటవి. ఇంగ్లీషు వారు ఆ మచ్చలను చూసే దానికి పేరు పెట్టారు. శీతకాలంలో మన దేశానికి వచ్చే తెల్ల పెలికాన్‌కు ఈ మచ్చలుండవు. చాలా పుస్తకాల్లో వేసేది ఆ తెల్లదాని బొమ్మనే. ఈ అమ్మాయి పుస్తకం చూసి వేసి ఉంటే చుక్కలు వచ్చేవి కావు. ఎదుట చూసినదాన్ని చూసినట్టు వేసింది కనక వచ్చినవి. నేను పుస్తకం బాతును మనసులో పెట్టుకుని ఆమె బొమ్మను దిద్దాను.

బొమ్మలు వెయ్యటం వేరు, సైన్సు వేరు అనుకునేవారున్నారు. 1840 ప్రాంతాలలో నెల్లూరులో జెర్డాన్ అనే వైద్యుడు పనిచేశాడు. ఆయనకు పక్షులంటే ప్రాణం. 1843 నుంచి 1847 లోపల మద్రాసులో ఆయన ఒక పక్షుల బొమ్మల పుస్తకం అచ్చు వేయించాడు. అందులోని బొమ్మలు చాలా మటుకు మన దేశపు చిత్రకారులు వేసినవే. జెర్డాన్ తన పుస్తకాలలో పక్షుల తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. ఆ పేర్లు ఆయనకు మీ మామ్మలాటి వారే గదా చెప్పి ఉంటారు!

ఎర్ర సున్న చుట్టినందుకు ప్రాయశ్చిత్తంగా కైకలూరు వెళ్లి, అక్కడి నుంచి ఆటపాక చేరుకున్నాను. కొల్లేటి అంచున ఉన్న పక్షుల రక్షణ కేంద్రం అది. నీటి మధ్య ఇనప కమ్మీలతో మంచెలు నిలబెట్టారు. చెట్లు చాలక పోవటంచేత అటవీ శాఖవారు పక్షుల కోసం చేసిన ఏర్పాటు ఇది. ఆ మంచెల మీద గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ సంత రోజు జనంలా కిక్కిరిసి గూళ్లు పెట్టుకుని ఉన్నవి. వాసన సంగతి అడగకండి. పడవలో కూర్చుని బైనాక్యులర్సుతో చూశాను. ఒకటి కమ్మీ మీద నిలబడి రెక్క సవరించుకుంటున్నది. దాని కాలి తోలు కమ్మీ చుట్టూ తడిగుడ్డలాగా వేలాడుతున్నది. వెనక వేలు దాకా తోలే!

పక్షి చాలా పెద్దది. ముక్కు ఒక్కటే మూరకు కాస్త తక్కువ. రెక్కలు చాస్తే ఈ కొసనుంచి ఆ కొసకు ఏడెనిమిది అడుగులుంటుంది. ఇంతా చేసి బరువు నాలుగు నుంచి ఆరు కిలోలే. చర్మం కింద గాలి తిత్తులుంటవి కనక నీటిలో బెండులాగా తేలుతుంది. ఎండ ఎక్కి గాలి వేడెక్కాక, ఆ వేడిగాలి మీద రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతూ పైకి పోతుంది.

ఇక ఆరేడు కథ చెబుతాను. ఆరో ఏడో కాదు, ఊరి పేరే ఆరేడు. ఉండి దగ్గర ఉన్నది, గణపవరానికి ఏమంత దూరం కాదు. 1946లో కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ యువకుడు అక్కడ గూడబాతుల కాలనీ ఒకటి ఉన్నదని కనిపెట్టాడు. అప్పటికి ఆయనకు ఇరవై మూడేళ్లు. ఆయన చదువు చెప్పినది ఇంగ్లీషు సాహిత్యం, జంతుశాస్త్రం కాదు. ఆ కాలనీలో అప్పుడు ఇంచుమించు మూడు వేల గూడబాతులు ఉండేవి. ఆయన తను చూసినదంతా రాసి, 1949లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం వారి పత్రికలో ప్రకటించాడు. తర్వాత ఇందుచూడన్ అనే కలం పేరుతో కేరళ పక్షులను గురించి మలయాళంలో పుస్తకం రాశాడు. అది 1958లో అచ్చయింది. ఆ పుస్తకం చదివి పక్షులను చూడటం మొదలుపెట్టినవారు మలయాళ దేశంలో ఎందరో ఉన్నారు.

"కనిపెట్టాడు" అన్నాను గదా, ఆ మాట వింటే ఆరేడు వాళ్లు నవ్వుతారు. మూడు వేల గూడబాతులు ఊరి చుట్టూ చెట్లమీద కూర్చుంటే ఊరివాళ్లకు తెలియదా? తెలుసు. తాతల నాటినుంచీ తెలుసు. కాని ఎవరూ కాగితం మీద పెట్టలేదు. బయటి లోకానికి తెలియలేదు.

1974 ప్రాంతానికి ఆ పక్షులు ఆ చోటు విడిచి వెళ్లిపోయినవి. గూడబాతులు గూళ్లు పెట్టాలంటే ఎత్తయిన చెట్లుండాలి, దగ్గరలో చేపలున్న నీరుండాలి, జోలికి రాని మనుషులుండాలి. మూడింటిలో ఏది తప్పినా అవి లేచిపోతవి. ఇలా జరగటం మన దగ్గరే కాదు. 1877లో బర్మాలో సిట్టాంగు నది పల్లాలలో లక్షల కొద్దీ గూడబాతులను చూశానని ఓట్సు అనే ఆయన రాశాడు. 1940 ప్రాంతాలకు ఆ గుంపు కనిపించకుండా పోయింది. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు పెలికానస్ ఫిలిపెన్సిస్. ఫిలిప్పీన్సు దీవుల పేరు అందులో ఉన్నది. ఆ దీవులలోనేమో 1960 ప్రాంతాలకే ఇవి అంతరించినవి. పేరు మిగిలింది, పక్షి పోయింది.

నీలకంఠన్ రాయకపోతే ఆరేడులో ఎన్ని ఉండేవో, అసలు ఉండేవో లేదో కూడా ఈ రోజున ఎవరూ రుజువు చెయ్యలేరు.

ఇప్పుడు అమ్మాయి రెండో ప్రశ్న. తరమాలా, కాపాడాలా?

ఒక గూడబాతు రోజుకు కిలో దాకా చేపలు తింటుంది. పది వాలితే పది కిలోలు. అప్పు తెచ్చి చెరువు తవ్వించినవారికి అది చిన్న నష్టం కాదు. "పక్షులను ప్రేమించండి" అని వాళ్లకు ఊరికే చెప్పటం నాకు ఇష్టం లేదు. పూర్వం కొల్లేటిలో కొర్రమీనూ, జెల్లా, ఇంగిలాయీ ఎవరి సొత్తూ కాదు. గూడబాతు తిన్నది ఎవరి లెక్కలోకీ వచ్చేది కాదు. 1970ల తర్వాత కొల్లేటిలోనూ చుట్టుపక్కలా గట్లు వేసి చేపల చెరువులు తవ్వటం పెరిగింది. అప్పటినుంచి బొచ్చెకూ, శీలావతికీ యజమాని ఉన్నాడు, పద్దు పుస్తకం ఉన్నది. 1999లో కొల్లేటిని వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలలకు రామ్‌సార్ ఒప్పందం కింద ఉన్న జాబితాలో అది చేరింది. 2006లో ప్రభుత్వం సరస్సు లోపలి చెరువుల గట్లు చాలా కొట్టించింది. ఆ గట్ల మీద బతికిన కుటుంబాల కష్టం కూడా ఈ కథలో ఉన్నది. సరస్సు హద్దు ఎక్కడ, చెరువు హద్దు ఎక్కడ అనేది గూడబాతుకు తెలియదు. దానికి అంతా ఒకటే నీరు.

నెల్లూరు వైపు సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు అనే ఊరున్నది. అక్కడ గూడబాతులు చెరువులోని చెట్ల మీద గూళ్లు పెడతవి. వాటి రెట్టలు చెరువులో పడతవి. ఆ నీటితో రైతులు చేలు పండించుకుంటారు, అది మంచి ఎరువని వాళ్లకు తెలుసు. కనక ఊరివాళ్లు పక్షుల జోలికి పోరు. అక్కడ పక్షి వల్ల లాభం, మీ చెరువులో నష్టం. పక్షి ఒకటే, కొలిచే తక్కెడ వేరు.

కాబట్టి అమ్మాయీ, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. చెరువు మీదినుంచి తరుముకోవటంలో తప్పు లేదు. చంపటం, పట్టుకోవటం 1972 నాటి చట్టం ప్రకారం నేరం. సన్నటి దారం పక్షికి కనబడదు, అందుకే చిక్కుకుంటుంది. దాని బదులు లావుపాటి తెల్ల తాళ్లు బిగించి కట్టి, వాటికి రంగు గుడ్డపేలికలు వేలాడదీస్తే పక్షికి దూరాన్నుంచే కనబడుతుంది, వాలటానికి జంకుతుంది. మొత్తం చెరువుకు కాకపోయినా, చేపపిల్లలను పెంచే చిన్న గుంటకైనా అలా చెయ్యవచ్చు. నాన్నగారికి చెప్పి చూడు. ఆయన్ను తప్పు పట్టానని మాత్రం చెప్పకు. కళ్లు కప్పితే పక్షి నెమ్మదిస్తుందని తెలిసి తువ్వాలు కప్పినవాడికి నేను చెప్పేదేమున్నది? మళ్లీ ఎప్పుడైనా చిక్కుకుంటే అటవీ శాఖవారికి కబురు చెయ్యండి. ముక్కు చివర కొక్కెం ఉంటుంది, ముఖం దగ్గర పెట్టవద్దు.

మిగతా పిల్లలకు ఈ నెల పని: కోడి, బాతు, కొంగ, నీటికాకి, వీటిలో మీకు దొరికిన దాని కాలు ఒక్కటే చూసి బొమ్మ వేసి పంపండి. పక్షి అంతా వెయ్యనక్కర లేదు. పుస్తకం చూసి వెయ్యకండి, వేస్తే నాకు తెలిసిపోతుంది. అయినా ఈసారి ఎర్ర పెన్సిలు పట్టుకునే ముందు పుస్తకం చూస్తానని మాట ఇస్తున్నాను.

గణపవరం అమ్మాయికి మరొక్క మాట. నీ బొమ్మ నా బల్ల ఎదుటి గోడకు అంటించాను. ఎర్ర సున్నను రబ్బరుతో చెరిపాను గాని పూర్తిగా పోలేదు. బొమ్మ మీద తారీఖు లేదు, చెరువు ఏ దిక్కున ఉన్నదో రాయలేదు. ఆ పక్షి నీటిమీదినుంచి లేచి ఎటు వెళ్లింది? కొల్లేటి వైపా, ఉండి వైపా? గుర్తుంటే వెంటనే రాయి.