ఇంటికొచ్చాకే ఎందుకు బాగుంటుంది?

మొన్న వేసవి సెలవుల్లో మా కుటుంబం హైదరాబాదు వెళ్లి, శివారులో ఉన్న ఒక థీం పార్కు చూసి వచ్చింది. రెండు రోజులు. తిరిగొచ్చి వారం కాకముందే మా వీధిలో నలుగురికీ ‘ఎంత బాగుందో’ అని చెప్పాను. చెబుతున్నంతసేపూ నాకు నిజంగానే బాగుంది. అక్కడ ఉన్నప్పుడు మాత్రం అంత బాగాలేదు. అబద్ధం చెప్పానా అంటే చెప్పలేదు. మరి అక్కడ లేని ఆనందం ఇంటికొచ్చాక ఎక్కణ్ణించి వచ్చింది? ఈ ప్రశ్న నన్ను రెండు నెలలుగా వదలడం లేదు.

వరకట్న చావులూ, పనిచోట వేధింపులూ, భూమి హక్కులూ రాసుకునే ఈ పేజీల్లో వినోదయాత్ర గోల ఏమిటని కొందరు మిత్రులు విసుక్కుంటారని తెలుసు. విసుక్కోండి. కానీ చివరిదాకా చదివి విసుక్కోండి.

ప్రయాణం అంటే మగవాళ్లకి బస్సెక్కిన దగ్గర మొదలవుతుంది. నాకు మూడు రోజుల ముందే మొదలయింది. బట్టలు సర్దడం, అత్తయ్య బీపీ మాత్రలు లెక్కపెట్టడం, చిన్నవాడికి బస్సులో వాంతులు కాకుండా నిమ్మకాయలు, అందరికీ పులిహోర, జంతికలు. నెలసరి ఆ తేదీల్లోనే వచ్చేట్టుంది కాబట్టి వాయిదా వేయడానికి మందుల షాపులో మాత్రలు కొనుక్కుని మింగాను. డాక్టర్ని అడగలేదు. పెళ్లికీ, వ్రతానికీ, తిరుపతికీ మనం మింగే మాత్రలే. ఇప్పుడు విహారానికి కూడా. మన ఒంటిని సెలవు తేదీలకి సరిపడా సర్దిపెట్టి తీసుకెళ్లాలి, పెట్టె సర్దినట్టే. తీరా వెళితే గేటు దగ్గర బయటి తిండి లోపలికి తేకూడదన్నారు. పులిహోర డబ్బా అక్కడే ఉండిపోయింది. ‘ముందే కనుక్కోవద్దూ’ అన్నారు మా ఆయన. టిక్కెట్లు తీసుకున్నది ఆయనే. కనుక్కోవలసింది నేను!

లోపల నీళ్ల ఆటల దగ్గర చీరలతో, నూలు బట్టలతో దిగనివ్వరు. నైలాను బట్టలు వేసుకోవాలి, లేకపోతే అద్దెకు తీసుకోవాలి. అత్తయ్య ముందు ఆ బట్టలు వేసుకుని నీళ్లలోకి దిగే ధైర్యం నాకు లేకపోయింది. మా ఆడపడుచుకీ లేకపోయింది. అయినా ధైర్యం దాకా ఎందుకు, నన్నెవరూ అడగనేలేదు. సామాను దాచుకునే లాకరు దగ్గర అద్దె ఎంతో చూసి మా ఆయన అన్నమాట ఇది: ‘లాకరెందుకు దండగ, నువ్వు ఇక్కడే ఉంటావుగా.’

ఆ మాట కటువుగా అనలేదు. నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వాను. బెంచీ మీద కూర్చున్నాను. నా ఒళ్లో మూడు ఫోన్లు, రెండు పర్సులు, రెండు జతల కళ్లద్దాలు, అత్తయ్య సంచి, పిల్లల పొడిబట్టలు. మధ్యాహ్నం రెండున్నర గంటలు ఆ పార్కులో ఒక లాకరుగా పనిచేశాను. గోడకున్న లాకరుకి అద్దె ఉంది. నాకు లేదు. చుట్టూ చూస్తే ఒక్కో బెంచీ మీద ఒక్కో లాకరు కూర్చుని ఉంది. మావైపు వాళ్లూ, కర్ణాటక నుంచి వచ్చినవాళ్లూ, బురఖాలో ఒకామె, పట్టుచీరలో ఒక పెద్దావిడ, అందరి ఒళ్లోనూ ఎవరివో ఫోన్లు. కులం, మతం, భాష అన్నీ వేరు. సంచులు పట్టుకోవడంలో మాత్రం అందరం ఒకటే.

ఆడవాళ్ల మరుగుదొడ్డి ముందు క్యూలో ఉండగా అక్కడ శుభ్రం చేసే ఆమెతో మాట కలిసింది. ‘ఎక్కడి నుంచొచ్చిన్రు అక్కా’ అంది. ఖమ్మం అని చెప్పి, నువ్వు ఇవన్నీ ఎక్కావా అని అడిగాను. నాలుగేండ్ల సంది చేస్తున్న, ఒక్కటి కూడా ఎక్కలేదంది. ఆదివారాలు, పండగలు అయితే డ్యూటీ ఇంకా ఎక్కువట. ‘మీరెన్ని ఎక్కిన్రు?’ అని అడిగింది. అప్పటికి నేనూ ఒక్కటి కూడా ఎక్కలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

రెండో రోజు సాయంత్రం ఒక్కటి ఎక్కాను. మా పెద్దమ్మాయి వచ్చి సంచులన్నీ లాక్కుని ‘అమ్మా, నువ్వెళ్లు, నేనుంటా’ అని తోసింది. రోలర్ కోస్టర్. పక్కన ఎవరో తెలియని అమ్మాయి. పైకెళ్లి ఒక్కసారిగా కిందికి పడ్డప్పుడు అరిచాను. నలభై నాలుగేళ్లలో నేనంత గట్టిగా అరిచింది రెండు కాన్పులప్పుడే. ఈసారి నొప్పి లేదు. రెండు నిమిషాలు కూడా ఉండదు. ఆ కాసేపూ ఎవరి మందులూ, ఎవరి ఆకలీ నా తలలో లేవు. చేతిలో ఏమీ లేదు. దిగేసరికి కాళ్లు వణుకుతున్నాయి, చిన్నవాడు ఆకలని ఏడుస్తున్నాడు.

ఇంటికి చేరేసరికి రాత్రి పదకొండు. అందరూ పడుకున్నారు. నేను తడిబట్టలు సబ్బునీళ్లలో నానబెట్టి, పొద్దున్నకి పప్పు రుబ్బి పడుకున్నాను. తర్వాత రెండు రోజులూ ఉతుకుడే.

ఆ తర్వాతి ఆదివారం ఫోనులో ఫొటోలు చూసుకున్నాం. 312 ఫొటోలు. నేనున్నవి 11. అందులో నాలుగింటిలో వంగి ఏదో తీస్తున్నాను. మిగతావన్నీ పిల్లల నవ్వులు, నీళ్లు, రంగుల గోపురాలు. చూస్తుంటే నాకూ నవ్వొచ్చింది. ‘చూశావా, ఎంత సరదాగా గడిచిందో’ అన్నారు మా ఆయన. అవునన్నాను. పక్కింటి వదిన వచ్చి ‘పిల్లలు బాగా సంతోషపడ్డారా’ అని అడిగింది. బ్రహ్మాండం అన్నాను. నువ్వు సంతోషపడ్డావా అని ఆమె అడగలేదు. అడగాలని నాకూ తోచలేదు. నా సంతోషం పిల్లల సంతోషంలోనే ఉందని అందరం అనుకుంటాం కదా.

ఈ మార్పు గురించి చదువుకున్నవాళ్లు ఏమంటున్నారో తెలుసుకుందామని కొంత చదివాను. అమెరికాలో రాబర్ట్ సట్టన్ అనే పరిశోధకుడు 1992లోనే డిస్నీలాండ్ యాత్ర గురించి ఒక వ్యాసం రాశాడు. ఆ రోజు నిజంగా కలిగిన భావాల్ని ఫొటోలు తర్వాత ఎలా తిరగరాస్తాయో అందులో చర్చించాడు. 1997లో టెరెన్స్ మిచెల్, లీ థాంప్సన్, మరికొందరు కలిసి యూరప్ యాత్రకి వెళ్లినవాళ్లనీ, కాలిఫోర్నియాలో మూడు వారాలు సైకిళ్ల మీద తిరిగినవాళ్లనీ అధ్యయనం చేశారు. వెళ్లకముందు ఊహలో యాత్ర బాగుంటుంది, వచ్చాక జ్ఞాపకంలో బాగుంటుంది, జరుగుతున్నప్పుడే అంత బాగుండదు అని తేలింది. దానికి గులాబీ చూపు అని పేరు పెట్టారు. 2002లో మరో పరిశోధన చూడండి. డిస్నీ పార్కులో బగ్స్ బన్నీ అనే కుందేలు బొమ్మ వేషం వేసినవాళ్లతో చేతులు కలిపినట్టు ఒక తప్పుడు ప్రకటన తయారుచేసి జనానికి చూపించారు. ఆ కుందేలు డిస్నీది కాదు, పోటీ కంపెనీది. అక్కడ కనబడే అవకాశమే లేదు. అయినా కొందరు చిన్నప్పుడు దానితో చేతులు కలిపాం అని నమ్మారు!

వీళ్లు చెప్పింది కాదనను. చిన్నచిన్న చిరాకుల్ని మనసు మర్చిపోతుంది, మంచిని దాచుకుంటుంది. ఎండ, క్యూ, కాళ్ల నొప్పులు మా ఆయనకీ ఉన్నాయి, ఆయనా మర్చిపోయారు. కానీ నా పేచీ ఇక్కడే. ఆయన మర్చిపోయింది ఎండని. నేను మర్చిపోయింది నా చాకిరీని. రెండూ ఒకే ‘చిరాకు’ కింద జమ అయిపోయాయి. ఎండ ఎవరూ చేసింది కాదు, మర్చిపోతే నష్టం లేదు. సంచులు మోయడం అలా కాదు, అది ఒకరు చేస్తే మిగతావాళ్లు ఆడుకున్న పని. దాన్ని మర్చిపోతే ఆ పని జరగనట్టే. జరగని పనికి ఎవరూ ఎవరికీ బాకీ ఉండరు. వచ్చే ఏడు మళ్లీ లాకరు ‘దండగ’ అవుతుంది.

ఇంకో మాట కూడా ఉంది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నా మాటలు విని పక్కింటి వదిన వాళ్లాయన వెంటపడి దసరాకి అక్కడికే టిక్కెట్లు తీయించింది. వెళ్లి ఏ బెంచీ మీద కూర్చుంటుందో నాకు తెలుసు. వచ్చాక ఆమె కూడా బ్రహ్మాండం అనే చెబుతుంది. పితృస్వామ్యానికి ఇంతకన్నా మంచి ప్రచారకులు దొరకరు.

దేశంలో ఎవరి కాలం ఎలా గడుస్తోందో ప్రభుత్వం 2024లో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనులు చేసే స్త్రీలు వాటి మీద రోజుకి సగటున 289 నిమిషాలు ఖర్చు పెడుతున్నారు. ఆ పనులు చేసే మగవాళ్లు 88 నిమిషాలు. ఒక్కటే అడుగుతాను. బెంచీ మీద నేను కూర్చున్న రెండున్నర గంటల్ని ఏ ఖాతాలో రాస్తారు? పార్కులో ఉన్నాను కాబట్టి వినోదంలో రాస్తారేమో!

‘అయితే వెళ్లొద్దంటావా’ అని మా సంఘంలో ఒకామె అడిగింది. మరొకామె ఇంకా ముందుకెళ్లి, ఈ పార్కులన్నీ వినిమయ సంస్కృతి, మధ్యతరగతి మోజు, మనకెందుకవి అంది. వినిమయ సంస్కృతే, కాదనను. నవ్వు మొహంతో నిలబడే పనివాళ్ల చాకిరీ మీద నడిచేవే అవి. అమెరికాలో డిస్నీ వరల్డ్ కార్మికులు గంటకి 15 డాలర్ల కనీస వేతనం కోసం ఎంతో పోరాడితే 2018లో ఒప్పందం కుదిరింది. ఇదంతా మాట్లాడాలి. కానీ మగవాళ్లు స్నేహితులతో గోవా వెళ్లొస్తే రాని ఈ సిద్ధాంతం, ఒక ఆడది రోలర్ కోస్టర్ ఎక్కి అరిచిందనగానే ఎందుకొస్తుంది? ఇంట్లో అత్తలు ‘ఆడదానికి షికార్లేమిటి’ అంటారు. మనం అదే మాటని కాస్త చదువుకున్న భాషలో అంటున్నామేమో చూసుకుందాం.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం వచ్చింది. ఆసుపత్రికీ, కూలికీ, కాలేజీకీ వెళితే సరే. గుడికి వెళితే కాస్త ఫరవాలేదు. ఊరికే వెళితే? ‘పనీపాటా లేక తిరుగుతున్నారు’ అన్న వెటకారం మీరూ వినే ఉంటారు. బస్సులో కూర్చుని వెల్లుల్లి ఒలుచుకుంటున్నారని కూడా ఎగతాళి చేశారు. నిజమే, ఒలుచుకుంటారు. ఇంటికెళ్లాక కూర వండాల్సింది వాళ్లే కదా. నవ్వినవాళ్లకి వెల్లుల్లి కనబడింది, పని కనబడలేదు.

ఇక మన సంస్థల సంగతి. పదహారేళ్లుగా గ్రామ సంఘాలతో పనిచేస్తున్నాను. ఈ పదహారేళ్లలో ఆడవాళ్లని ఊరు దాటించి తీసుకెళ్లాలంటే మాకున్న ఒకే ఒక్క పేరు ‘ఎక్స్‌పోజర్ విజిట్’. నీటి గుంటలు చూడాలి, విత్తన బ్యాంకు చూడాలి, మధ్యలో అరగంట సముద్రం దగ్గర బస్సు ఆపాలి, ఆ అరగంటని నివేదికలో రాయకూడదు. వెనక్కొచ్చాక ‘ఏం నేర్చుకున్నారు’ అని అడగాలి. ఓ యాత్ర నుంచి వచ్చాక ఒక పెద్దామె ‘సముద్రం చూసిన’ అంది. నేను నివేదికలో ‘సామూహిక వ్యవసాయంపై అవగాహన పెరిగింది’ అని రాశాను. ఆ పని చేసింది నేనే కాబట్టి ఎవరినీ నిందించడం లేదు.

హక్కుల గురించి రోజూ మాట్లాడతాం. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతి, విరామం మనిషి హక్కు అంటోంది. స్త్రీలపై అన్ని రకాల వివక్షల్నీ తొలగించాలన్న 1979 నాటి ఒడంబడికలో 13వ అధికరణం వినోదంలో పాల్గొనే హక్కుని పేరు పెట్టి రాసింది. దాన్ని మన దేశం 1993లో ఆమోదించింది. శిక్షణ తరగతుల్లో హింస, ఆస్తి, ఓటు దగ్గర ఆగి వివరిస్తాం. ఈ 13 దగ్గరికి వచ్చేసరికి పేజీ తిప్పేస్తాం. నేనూ తిప్పేదాన్నే. ఇళ్లలో పనిచేసేవాళ్లకి వారానికి వరుసగా 24 గంటల విశ్రాంతి ఉండాలని 2011 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక చెబుతోంది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. మన ఇళ్లలో పనిచేసే అమ్మాయికి వారానికి ఒక పూర్తి సెలవు మనలో ఎంతమందిమి ఇస్తున్నాం? మా ఇంట్లో మేం హైదరాబాదు వెళ్లిన ఆ రెండు రోజులూ ఆమెకి సెలవు. అదీ మేం లేము కాబట్టి.

ఇంట్లో మాట్లాడాను. వచ్చేసారి లాకరు తీసుకోవాలి. టిక్కెట్లు కొన్నవాళ్లే నిబంధనలు కనుక్కోవాలి. సంచుల దగ్గర వంతులవారీగా కూర్చోవాలి, ఆయన వంతు కూడా ఉంటుంది. మాత్రలు నేను మింగను, తేదీలే మారతాయి. మా ఆయన ‘ఇంత లెక్కలైతే ఇక సరదా ఏముంది’ అన్నారు. లెక్క లేనప్పుడు సరదా ఎవరికుందో ఫొటోలు తీసి మళ్లీ చూడమన్నాను. అత్తయ్య ఏమీ అనలేదు. రాత్రి పడుకోబోతూ మాత్రం ‘ఆ పెద్ద చక్రం నన్ను ఎక్కనిస్తారంటావా’ అని అడిగింది. ఆవిడకి డెబ్భై ఒకటి. అన్ని గంటలూ ఆవిడ కూడా నా పక్క బెంచీ మీదే కూర్చుందన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

సంఘం వార్షిక బడ్జెట్‌లో ‘వినోదయాత్ర’ అని అదే పేరుతో ఒక పద్దు పెట్టాలని, వెళ్లినవాళ్లని తిరిగొచ్చాక ఏం నేర్చుకున్నారని అడగకూడదని గత సమావేశంలో ప్రతిపాదించాను. ఆడిటర్ ఒప్పుకోడని కోశాధికారి అంది. ఎక్స్‌పోజర్ విజిట్ అని రాసుకుని వెళ్లొచ్చేద్దాం, గొడవెందుకని ఇద్దరు అన్నారు. ఏడుగురు నా వైపు, తొమ్మిదిమంది అటు. విషయం వచ్చే నెలకి వాయిదా పడింది. ఈసారి తీర్మానం రాసుకుని వెళుతున్నాను.