గాగుల్స్ చివరికి

పిల్లలూ! రేడియో కంట్రోల్ విమానానికి చిన్న కెమెరా బిగించి, అది పంపే దృశ్యాన్ని గాగుల్స్‌లో చూస్తూ నడపడాన్ని ఎఫ్‌పీవీ అంటారు. పైలట్ సీట్లో కూర్చున్నట్టే ఉంటుంది. అయినా గాగుల్స్ చివర్లోనే కొనాలని నా అభిప్రాయం.

ముందు కంప్యూటర్‌లో సిమ్యులేటర్‌తో మొదలుపెట్టండి. ఎన్నిసార్లు కూలినా ఖర్చు లేదు. ఇంట్లోవాళ్లకు బదిలీ అయినా ఆ సాధన మీ వెంటే వస్తుంది. తర్వాత తేలికైన ఫోమ్ విమానాన్ని కంటితో చూస్తూ ఎగరేయండి. అది మనవైపు తిరిగినప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. చేతికి ఆ అలవాటు పడితేనే, గాగుల్స్‌లో బొమ్మ పోయినప్పుడు విమానాన్ని క్షేమంగా దింపగలరు.

మనలో చాలామంది కంటోన్మెంట్ల దగ్గరో, విమానాశ్రయాల దగ్గరో ఉంటాం. పాత ఊళ్లో ఎగరేశాం కదా అని కొత్త ఊళ్లో ఎగరేయకూడదు. ఊరు మారిన ప్రతిసారీ డిజిటల్ స్కై మ్యాప్‌లో అది రెడ్, ఎల్లో, గ్రీన్ జోన్లలో ఏదో పెద్దలతో కలిసి చూడండి.

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం మోడల్ విమానం కంటిచూపు మేరలోనే ఎగరాలి. గాగుల్స్ పెట్టుకున్నవారికి పక్కనుంచి వచ్చే గద్ద, కింద ఆడే పసివాడు కనిపించరు. అందుకే విమానం మీదే కన్నేసి ఉంచే మనిషి పక్కన ఉండి తీరాలి. కొత్త బడిలో స్నేహం కలుపుకోవడానికి ఇంతకన్నా మంచి సాకేముంది?